తరువాతి వాక్యం ఎదుటివారిది

కథ రాయడం ఒంటరిగా చేయాల్సిన పనా, నలుగురితో కలిసి చేయదగ్గ పనా? రాజమహేంద్రవరంలోని ఒక ఇంట్లో ఆదివారం భోజనాలయ్యాక ఈ ప్రశ్న మీద మొదలైన వాదన పొద్దువాలే దాకా సాగింది. ఒక పక్క దశాబ్దాల పాటు తెలుగు పాఠం చెప్పి రిటైరైన మేనమామ. మరో పక్క హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, కాలేజీ రోజుల నుంచీ రాతలో రోల్‌ప్లే ఆడుతున్న మేనకోడలు. వాదనకు కారణం మేనమామ కూతురు. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న ఆ పిల్ల, వదిన ఆడే ఆటలో తనూ చేరతానంది.

ఆట స్వరూపం చెప్పడానికి తేలికే. కొందరు కలిసి ఒక కథాలోకాన్ని అనుకుంటారు. తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు తమ పాత్ర ఏం చేసిందో, ఏమన్నదో ఒకటి రెండు పేరాలు రాసి ఆపుతారు. దానికి బదులుగా మరొకరు తమ పాత్ర తరఫున రాస్తారు. వేషం కట్టరు, వేదిక ఎక్కరు. అంతా అక్షరాల్లోనే జరుగుతుంది. కథ ఎటు వెళ్తుందో మొదలుపెట్టినవారికి కూడా తెలియదు.

“చేతిరాత కుదురుకోవాల్సిన వయసులో ఇదేం పనమ్మా?” అన్నారు మేనమామ. “రాయాలని ఉంటే ఒక కథ రాయమను. నాలుగుసార్లు కొట్టేసి అయిదోసారి రాయమను. వాక్యం కుదరక రాత్రంతా పెనుగులాడితేనే రచయితకు తన గొంతు దొరుకుతుంది. మనం ఒక పేరా రాసి వదిలేస్తే మిగతాది ఇంకొకరు చూసుకుంటారనుకుంటే ఆ పెనుగులాట ఎక్కడిది?”

“ఒంటరిగా పెనుగులాడినవాళ్లే రచయితలైతే బ్రాంటీ అక్కచెల్లెళ్లను ఏం చేద్దాం మావయ్యా?” అంది మేనకోడలు.

1826 జూన్‌లో ఇంగ్లండ్‌లోని హావర్త్ చర్చిలో పూజారిగా ఉన్న పాట్రిక్ బ్రాంటీ, లీడ్స్ నుంచి వస్తూ కొడుకు బ్రాన్‌వెల్‌కు ఒక పెట్టెడు చెక్క సైనికులను తెచ్చాడు. అప్పటికి షార్లెట్‌కు పదేళ్లు. బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్ ఆమెకంటే చిన్నవాళ్లు. తలా ఒక బొమ్మ పట్టుకున్నారు. షార్లెట్ బొమ్మ వెల్లింగ్టన్ డ్యూక్ అయింది, బ్రాన్‌వెల్ బొమ్మ బోనపార్ట్ అయింది. ఆ సైనికులకు గ్లాస్ టౌన్ అనే మహానగరం వెలిసింది. తరువాత ఆంగ్రియా అనే రాజ్యం ఏర్పడింది. చిన్నవాళ్లిద్దరూ, ఎమిలీ, ఆన్, విడిపోయి గొండాల్ అనే దీవిని సొంతం చేసుకున్నారు. అరచేతిలో పట్టే బుల్లి పుస్తకాలు కుట్టి, అచ్చక్షరాల్లాంటి సన్నని రాతతో వాటి చరిత్రలు, పత్రికలు, పద్యాలు రాసుకున్నారు. ఒకరు నడిపిన కుట్రకు ఇంకొకరు బదులు రాశారు. 1847లో ‘జేన్ ఐర్’, ‘వుదరింగ్ హైట్స్’ వెలువడే నాటికి ఆ ఇంట్లో కలిసి కథ అల్లడం ఇరవై ఏళ్ల అలవాటు.

మేనమామ ఈ కథ తెలియనివారేం కాదు. “అందులో సగమే చెప్పావు. షార్లెట్ ఇరవై దాటాక ఆంగ్రియాకు వీడ్కోలు చెబుతూ రాసుకుంది. ఆ లోకాన్ని వదిలాకే ‘జేన్ ఐర్’ వచ్చింది. అదీగాక వాళ్లు ఒకే కప్పు కింద పెరిగిన తోబుట్టువులు. నువ్వు మా పిల్లను కూర్చోబెడతానంటున్నది ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య.”

“తెలియనివాళ్ల సంగతి చెప్పకుండా తప్పించుకోను. ముందు రాత సంగతి తేలనివ్వండి. అరణ్యపర్వం మీరే కదా పాఠం చెప్పింది? నన్నయగారు ఆపిన చోట ఎర్రనగారు అందుకున్నారు. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లు. అయినా నన్నయ నడకలో మొదలుపెట్టి, ఆయన పేరుతోనే, రాజరాజ నరేంద్రుడికే అంకితంగా పూర్తి చేశారు. ముందున్నవాడి గొంతు విని, దాన్ని చెడగొట్టకుండా కొనసాగించడం విద్య కాదంటారా?”

ఈ ఉదాహరణకు మేనమామ మొహం వికసించింది. కానీ వాదన వదల్లేదు. “మహావిద్య. అయితే ఒక తేడా ఉంది. ఎర్రనకు వ్యాసుడి కథ చేతిలో ఉంది. ధర్మరాజు ఎక్కడ తేలతాడో ఆయనకు తెలుసు. మీ ఆటలో ఆ ఆధారం లేదు. ఎవడికి తోచింది వాడు రాస్తే కథకు వెన్నెముక ఎక్కడి నుంచి వస్తుంది?”

ఈ అభ్యంతరం బలమైనదే. దానికి మేనకోడలు తెచ్చిన జవాబు 1931 నాటి ఒక నవల, ‘ది ఫ్లోటింగ్ అడ్మిరల్’. ఇంగ్లండ్‌లో డిటెక్షన్ క్లబ్ అనే అపరాధ పరిశోధక రచయితల సంఘం దాన్ని తలా ఒక అధ్యాయంగా రాసింది. అగాథా క్రిస్టీ, డొరతీ సేయర్స్ అందులో ఉన్నారు. నదిలో కొట్టుకొస్తున్న పడవ, అందులో ఒక నౌకాధికారి శవం. హంతకుడు ఎవరన్నది ముందుగా ఎవరూ అనుకోలేదు. కానీ రెండు కట్టుబాట్లు పెట్టుకున్నారు. రాసే ప్రతివాళ్లకూ తమ మనసులో ఒక స్పష్టమైన పరిష్కారం ఉండాలి, ఊరికే చిక్కుముళ్లు వేసి పారిపోకూడదు. అలాగే ముందువాళ్లు వేసిన ప్రతి ముడికీ తమ పరిష్కారంలో సమాధానం ఉండాలి. ఎవరి పరిష్కారం వాళ్లు విడిగా రాసి ఇచ్చారు. పుస్తకం చివర వాటినీ అచ్చువేశారు.

“కథ తెలియకపోయినా కట్టుబాటు ఉంది మావయ్యా. వెన్నెముక అదే. మేం ఆడేదీ ఇలాగే. ఎదుటివాళ్లు రాసినదాన్ని లేదనడానికి వీల్లేదు. వాళ్లు వాన కురిపిస్తే నా పాత్ర తడవాల్సిందే.”

“ఆ పుస్తకం నేనూ చదివాను. చివరి అధ్యాయం ఆంథొనీ బర్క్‌లీ నెత్తిన పడింది. ఆ అధ్యాయానికి ‘గందరగోళం సర్దడం’ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. అందరూ పేరున్న రచయితలే, అయినా సర్దడానికి ఒకడు కావలసి వచ్చాడు. మా పిల్లకు ఎవరు సర్దిపెడతారు?”

మేనకోడలు ఇక్కడ ఒప్పుకోలుగా మాట్లాడింది. రోల్‌ప్లేలో చాలా కథలకు ముగింపు ఉండదు. ఒకరికి పరీక్షలు, ఒకరికి పెళ్లి, ఒకరికి విసుగు. ఆట ఆగిపోతుంది. అచ్చయిన పుస్తకంతో పోలిస్తే అది లోటే. అయితే ఆ లోటులోంచి కూడా కథకులు నేర్చుకున్నారంటూ ‘ది ఎక్స్‌పాన్స్’ నవలల సంగతి చెప్పింది. జేమ్స్ ఎస్.ఎ. కోరీ అనే కలంపేరుతో డేనియల్ ఏబ్రహాం, టై ఫ్రాంక్ అనే ఇద్దరు అమెరికన్లు రాసిన ఆ వరుసలో మొదటి నవల 2011లో వచ్చింది. అంతకుముందు ఫ్రాంక్ అదే లోకాన్ని రాతలో రోల్‌ప్లేగా నడిపాడు. అందులో ఓడ వైద్యసిబ్బందికి చెందిన షెడ్ గార్వీ పాత్రను ఆడుతున్న వ్యక్తి మధ్యలో మానేయాల్సి వచ్చింది. ఆటలో షెడ్ చనిపోయాడు. నవలలోనూ అతని చావు అంతే అకస్మాత్తుగా వస్తుంది. మొదటిసారి చదివేవాళ్లు ఉలిక్కిపడతారు.

“చూశావా? పుస్తకం రాసింది మళ్లీ ఆ ఇద్దరే కూర్చుని,” అన్నారాయన.

“కాదనను. ఆటే పుస్తకం అయిపోదు. కానీ మనం అనుకోని పని ఎదుటి పాత్ర చేసినప్పుడు మన పాత్ర ఏం చేస్తుందో వెతుక్కోవడం ఒంటరి రాతలో దొరకదు. అక్కడ అన్ని పాత్రలూ మనం చెప్పినట్టే వింటాయి. అది మీకు నేను చెప్పాలా? కాలేజీ ఉత్సవాల్లో భువన విజయం వేసినప్పుడు ధూర్జటి మీరేగా!”

తెలుగు సాహిత్య సభలకు వెళ్లేవారికి భువన విజయం పరిచయమే. కవులు, అధ్యాపకులు కృష్ణదేవరాయల కొలువులోని అష్టదిగ్గజాలుగా వేషం కట్టి కూర్చుంటారు. రాయలు ప్రశ్న వేస్తాడు, పెద్దన పద్యం అందుకుంటాడు, తెనాలి రామకృష్ణుడు మెలిక పెడతాడు. అమెరికాలో తెలుగువారి సభల్లో కూడా దీన్ని ప్రదర్శిస్తున్నారు. కొంత ముందుగా రాసుకున్నదే అయినా ఆశువుగా వచ్చే చమత్కారమే దానికి ప్రాణం. రామకృష్ణుడు విసిరిన మాటకు ఎదుటివాడు తన పేరుమీద కాదు, ధూర్జటిగానో పింగళి సూరనగానో బదులివ్వాలి.

మేనమామ కాసేపు ఆ రోజుల కబుర్లు చెప్పారు. రామకృష్ణుడు వేషం వేసిన సహోద్యోగి అనుకోని సమస్య ఇచ్చినప్పుడు ధూర్జటి అయితే ఎలా కోప్పడతాడా అని వెతుక్కున్న క్షణాలు ఆయనకు బాగా గుర్తు. “అది వేరు,” అన్నారు చివరికి. “మా ఎదుట సభ ఉంది. మాలో మాకు ఎన్నో ఏళ్ల పరిచయం. హద్దు దాటితే మర్నాడు స్టాఫ్ రూమ్‌లో మొహం చూపించాలి. మీ దగ్గర మొహమే లేదు కదా.”

అసలు భయం ఇదేనని మేనకోడలికి మొదటి నుంచీ తెలుసు. దాన్ని తేలిక చేయకుండా, ఈ ఆట చరిత్రలో జరిగిన ఒక చెడ్డ సంఘటనను తనే చెప్పింది.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చాక బల్ల చుట్టూ కూర్చుని పాత్రలాడటం పాశ్చాత్య దేశాల్లో వ్యాపించింది. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు ‘మడ్’ అనే కంప్యూటర్ లోకాన్ని కట్టారు. అందులో బొమ్మలు లేవు, గుహలూ అడవులూ అన్నీ వాక్యాలే. 1990లో పావెల్ కర్టిస్ కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో ‘లాంబ్డామూ’ ప్రారంభించాడు. అక్కడ యుద్ధాలు, మార్కులు లేవు. జనం పాత్రలుగా మసలుతూ, గదులు కట్టుకుంటూ, మాట్లాడుకుంటూ ఉండేవారు. ఆ లోకంలో మిస్టర్ బంగుల్ అనే పేరుతో తిరిగిన ఒక వ్యక్తి, ఇతరుల పాత్రలు చేసినట్టుగా తనే వాక్యాలు పుట్టించే ప్రోగ్రామ్‌ను వాడి, అందరూ చూస్తుండగా వాటిని లైంగిక హింసకు గురిచేశాడు. అటు తెర ముందు కూర్చున్నవాళ్లు ఏం రాస్తున్నా, తమ పేరుతో ఇంకొకరి రాత కనబడుతూనే ఉంది. జూలియన్ డిబెల్ 1993 డిసెంబరులో ‘విలేజ్ వాయిస్’ పత్రికలో రాసిన వ్యాసంతో ఇది లోకానికి తెలిసింది. అక్కడివారు రోజుల తరబడి చర్చించారు. ఆ పాత్రను తొలగించారు. తరువాత కర్టిస్ సభ్యులు అర్జీలు పెట్టి ఓటు వేసే పద్ధతి తెచ్చాడు.

“అందుకే మా మొదటి నియమం అది మావయ్యా. ఎదుటివారి పాత్రను మనం నడపకూడదు. అలా నడపడాన్ని గాడ్‌మోడింగ్ అంటారు. చాలామంది ఇది కథ బాగుండటానికి పెట్టిన నియమం అనుకుంటారు. నిజానికి అది ఎదుటి మనిషి ఇష్టాయిష్టాలకు ఇచ్చే గౌరవం. ఆ నియమం గట్టిగా లేని చోట ఒక్క రోజు కూడా ఉండొద్దనే దీనికి చెబుతాను.”

మేనమామ కొంచెం సేపు మాట్లాడలేదు. తరువాత ఆయన అడిగినవి అడ్డుపుల్లలు కావు, వివరాలు. పెద్దవాళ్లూ పిల్లలూ కలిసే చోట ఎలా? పద్దెనిమిది నిండనివారికి వేరుగా ఉన్న చోటే చేరాలని, శృంగార సన్నివేశాలు అడిగేవారితో ఆట అక్కడితో ఆపాలని ఆమె చెప్పింది. అసలు పేరు, ఫొటో, కాలేజీ, ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వకూడదు. విడిగా మాట్లాడుకుందాం రమ్మని పట్టుబట్టేవాళ్ల సంగతి ఇంట్లో చెప్పాలి. బెదిరింపు దాకా వెళితే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. కథ మొదలవక ముందే ఏవి అసలు రాకూడదో, ఏవి వచ్చినా వివరంగా రాయకుండా దాటేయాలో అందరూ చెప్పుకుంటారు. పాత్ర మాట కాకుండా సొంత మాట చెప్పాల్సి వస్తే జంట బ్రాకెట్లలో పెడతారు. అప్పుడు పాత్ర తిట్టిందా, మనిషి తిట్టాడా అనే గందరగోళం ఉండదు.

“మొదటి సన్నివేశం నాతో, నా క్లాస్‌మేట్‌తో మాత్రమే. ఆ అమ్మాయి మీకూ తెలుసు,” అంది.

ఇంతసేపూ వింటూ కూర్చున్న కూతురు తన నోటుపుస్తకం తెచ్చింది. వాళ్లు అనుకున్న కథాలోకం 1848 ప్రాంతపు ధవళేశ్వరం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన గోదావరి ఆనకట్ట పనుల మధ్య కథ నడుస్తుంది. ఆ పిల్ల రాసుకున్న పాత్ర ఒక యువతి. అందగత్తె, వైద్యం తెలుసు, గుర్రపు స్వారీ వచ్చు, దొరలతో ఇంగ్లిషులో వాదిస్తుంది, చూసిన ప్రతివాళ్లూ ఆమెను మెచ్చుకుంటారు.

వాదులాడుకుంటున్న ఇద్దరూ ఇక్కడ ఒక్కటయ్యారు. “ఈవిడకు ఎవరితోనూ పని లేదు కదమ్మా, కథ ఎలా నడుస్తుంది?” అన్నారు తండ్రి. వదిన కూడా అదే చెప్పింది. 1973లో పాలా స్మిత్ అనే అమెరికన్ రచయిత్రి ‘స్టార్ ట్రెక్’ అభిమానుల పత్రికలో ఇలాంటి సర్వగుణ సంపన్న పాత్రలను ఎగతాళి చేస్తూ ఒక చిన్న కథ రాసింది. ఆ కథానాయిక మేరీ స్యూ పేరు అప్పటి నుంచి అలాంటి పాత్రలన్నిటికీ స్థిరపడిపోయింది. కొత్తవాళ్లు మొదట చేసే పొరపాటు అదే. అన్నీ వచ్చిన పాత్రకు ఎదుటివాళ్లు ఇవ్వగలిగింది ఏమీ ఉండదు.

“దానికి ఏం కావాలి? ఏం తెలియదు? దేనికి భయపడుతుంది? ఈ మూడూ రాయి. గతంలో ఒకచోట ఖాళీ వదిలెయ్. ఆ ఖాళీ ఇంకొకరు నింపుతారు,” అంది వదిన.

కాసేపటికి పాత్ర మారింది. రాళ్లు మోసే కూలి పనికి వచ్చిన అమ్మాయి. ముందే పనికి వచ్చి కబురు లేకుండా పోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటోంది. ఈత రాదు, ఏరంటే భయం. తమ్ముడు ఇల్లు వదిలి ఎందుకు వచ్చాడో ఆమెకు తెలియదు.

మొదటి పేరా కూడా రాసింది. ‘ఆమె తమ్ముడి పేరు చెప్పగానే మేస్త్రి గతుక్కుమన్నాడు. సిగ్గుతో తల దించుకుని నిజం చెప్పేశాడు.’

“మేస్త్రి నీ పాత్ర కాదుగా,” అంది వదిన. “వాడు గతుక్కుమంటాడో, అబద్ధం ఆడతాడో, నిన్నే గదమాయిస్తాడో రాసేది నా స్నేహితురాలు. వాడి దగ్గర నీ తమ్ముడి ఉత్తరం ఉందని ఆమె నీకు చెప్పినా సరే, నీ పాత్రకు ఆ సంగతి తెలియదు. తెలిసినట్టు రాశావంటే మెటాగేమింగ్. నువ్వు అడిగే వరకే రాయి.”

“అలాగని ‘ఆమె మేస్త్రి వైపు చూసింది’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకోకు,” అని తండ్రి అందుకున్నారు. “దానికి ఎదుటివాళ్లు ఏం బదులిస్తారు? పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.”

నాటకరంగంలో ఆశువిద్య నేర్పిన కీత్ జాన్‌స్టోన్ 1979లో వచ్చిన ‘ఇంప్రో’ పుస్తకంలో చెప్పిందీ ఇదే అని మేనకోడలు గుర్తుచేసింది. ఎదుటి నటుడు చేసే ప్రతి పనీ మనకు అందించిన అవకాశం. దాన్ని స్వీకరిస్తే సన్నివేశం నడుస్తుంది, కొట్టిపారేస్తే ఆగిపోతుంది. అవతలివారు అందించినదాన్ని తీసుకోవాలి, మనం ఒకటి కలపాలి, వాళ్లు పట్టుకోవడానికి ఒక కొస వదలాలి. నిడివి కూడా ఎదుటివారి రాతకు దగ్గరగా ఉండాలి. రెండు పేరాలకు రెండు పేజీలు బదులిస్తే అవతలివారికి ఊపిరాడదు.

మూడోసారి రాసిన పేరా ఇలా వచ్చింది: ‘తట్ట కింద పెట్టి, ఏటి వైపు చూడకుండా మేస్త్రి దగ్గరికి వెళ్లింది. పోయిన సంక్రాంతికి ముందు పనిలో చేరిన కుర్రాడండీ, ఎడమ చెయ్యి వాటం, అంది. పక్కన రాళ్లు పేరుస్తున్నవాళ్లలో ఎవరో పని ఆపారు. ఆమె అటు తిరగలేదు. మేస్త్రి చేతిలోని హాజరు పుస్తకం మీదే ఆమె చూపు ఉంది.’

మేనమామ దాన్ని రెండుసార్లు చదివారు. ‘ఎడమ చెయ్యి వాటం’ అన్న చోట వేలు పెట్టి, బాగుందన్నారు. హాజరు పుస్తకం ఆ రోజుల్లో మేస్త్రి చేతిలో ఉండేదో, గుమాస్తా దగ్గర ఉండేదో కనుక్కోమన్నారు.

అయినా ఆయన పూర్తిగా దిగిరాలేదు. ఏడాది తిరిగాక ఈ పిల్ల ఒంటరిగా ఒక కథ రాయాలని, షార్లెట్ ఆంగ్రియాను వదిలినట్టు ఇదీ వదలాలని షరతు పెట్టారు. మేనకోడలు ఒప్పుకోలేదు. ఎమిలీ గొండాల్‌ను వదల్లేదని ఆమె వాదన. 1845 వేసవిలో ఎమిలీ, ఆన్ యార్క్ ప్రయాణం చేసినప్పుడు ఎమిలీకి ఇరవై ఆరేళ్లు. దారి పొడవునా ఇద్దరూ గొండాల్ పాత్రలుగానే మాట్లాడుకున్నారని ఎమిలీ తన డైరీ కాగితంలో రాసుకుంది. మరుసటి ఏడాది అచ్చయిన కవితల్లో ఆమె గొండాల్ పేర్లు తీసేసింది గానీ, వాటిలో కొన్ని ఆ లోకంలో పుట్టినవే. “ఎవరికి ఎప్పుడు చాలనిపిస్తుందో మనం నిర్ణయించలేం మావయ్యా,” అంది.

ఈ ఒక్క విషయం ఇద్దరి మధ్యా తేలలేదు. ఆయన షరతును కొంత తగ్గించారు. ఒంటరి కథ సంగతి తరువాత చూద్దాం, కనీసం ఈ ధవళేశ్వరం కథను సగంలో వదిలేయకుండా మార్చిలో పరీక్షలకు ముందే ఒక ముగింపుకు తేవాలన్నారు. మేనకోడలికి అది న్యాయంగానే తోచింది. సరేనంది.

కూతురు మాత్రం వెంటనే మాటివ్వలేదు. “నా పాత్ర వరకైతే సరే నాన్నా. కానీ కథ ముగించాలంటే మేస్త్రిని రాసేవాళ్లు కూడా ఒప్పుకోవాలి కదా. అడిగి చెబుతాను.”

అడగమన్నారు. ఆ పిల్ల పేరా కింద జంట బ్రాకెట్లు పెట్టి, ఫిబ్రవరి ఆఖరుకల్లా తమ్ముడి సంగతి తేల్చేద్దామా అని రాసి పంపింది.